గోడౌన్: ఇంగ్లిష్ మాటా, మన మాటా?

గాజువాక కుర్రోడు:
అందరికీ నమస్కారం. ఆటోనగర్‌లో మాకు చిన్న ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు ఉంది. దాని పక్కనున్న రేకుల షెడ్డు అద్దెకు తీసుకుంటున్నాం. అగ్రిమెంటు రాయిస్తుంటే ఓనరుగారి తరఫున వచ్చిన పెద్దాయన 'గోడౌన్' అన్న మాట కొట్టేసి 'వేర్‌హౌస్' అని రాశారు. ఎందుకండీ అనడిగితే, గోడౌన్ అసలు ఇంగ్లిషే కాదు, ఇక్కడివాళ్ళు పుట్టించిన తప్పుడు మాట అన్నారు. మా నాన్నగారు పోర్టులో కళాసీగా చేశారు. పోర్టు కట్టిందే తెల్లోళ్ళు కదా, ఆ మాట వాళ్ళది కాకపోతే మరెవరిదిరా అని ఆయన అంటారు. నాకు రెండు సంగతులు కావాలి. ఈ మాట ఎక్కడ పుట్టింది? కాగితం మీద ఏది రాసినా ఒకటేనా, తర్వాత ఏమైనా తేడా వస్తుందా?

వన్‌టౌన్ వాసి:
ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు తమ్ముడూ. గో డౌన్ అంటే కిందికి దిగు అని. ఓడ అడుగున సరుకు పెట్టే అరలోకి దిగాలి. పాత వర్తకుల ఇళ్ళల్లోనూ కింది గదుల్లో సరుకు, మేడ మీద కాపురం. సరుకు కావాలంటే కిందికి దిగాల్సిందే. అలా వచ్చింది. మాకు బళ్ళో కూడా ఇలాగే చెప్పారు.

భీమిలి మాస్టారు:
చాలామంది నమ్మే కథే ఇది. వినడానికి బావుంటుంది కాబట్టి నిలిచిపోయింది. కానీ రెండు మూడు చోట్ల నిలవదు.

మొదటిది, ఈ మాట లండన్ రేవులో పుట్టి ఉంటే అక్కడా వాడాలి కదా. థేమ్స్ ఒడ్డున వందల ఏళ్ళుగా సరుకు నిలవ చేసిన కట్టడాలను వేర్‌హౌస్ అన్నారే తప్ప గోడౌన్ అనలేదు. అమెరికాలోనూ అంతే. గోడౌన్ వినిపించేదంతా మన దేశం, బర్మా, మలయా, సింగపూర్, హాంకాంగ్, చైనా తీరం, ఒకప్పటి యోకొహామా. మ్యాపు ముందేసుకుని చూడండి, ఇది ఆసియా రేవుల మాట అని తెలిసిపోతుంది.

రెండోది, కాలం. సీజర్ ఫెడరిచి అని వెనిస్ వర్తకుడు 16వ శతాబ్దంలో మన దేశపు రేవులు తిరిగి బర్మాలోని పెగూ దాకా వెళ్ళాడు. ఆయన యాత్రా విశేషాలు 1587లో ఇటాలియన్‌లో అచ్చయ్యాయి, 1588లో ఇంగ్లిష్‌లోకి వచ్చాయి. పెగూలో ఇళ్ళన్నీ వెదురువి, పూరివి, నిప్పంటుకుంటే ఊరంతా బూడిద. అందుకని వర్తకులు విలువైన సరుకును ఇటుకలతో కట్టిన ఒక ఇంట్లో పెట్టుకునేవారని, దాన్ని 'గొదొన్' అంటారని ఆయన రాశాడు. అప్పటికి ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ పుట్టనే లేదు, అది 1600 నాటిది. పైగా ఫెడరిచి చెప్పినది నేల మీద కట్టిన ఇటుకల ఇల్లు. దిగడానికి అందులో నేలమాళిగేమీ లేదు.

మూడోది, పోర్చుగీసువాళ్ళు దీన్ని 'గుదావ్' అన్నారు. వాళ్ళ భాషలో గో, డౌన్ అన్న ఇంగ్లిష్ మాటలకు చోటెక్కడుంది? 1511లో మలక్కా పట్టుకున్న దగ్గర్నుంచి వాళ్ళు మలయ్ వర్తకులతోనే లావాదేవీలు చేశారు. మలయ్‌లో ఈ మాట 'గుదాంగ్'. ఆ దారినే పోర్చుగీసులోకి, అక్కణ్ణుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చిందని నిఘంటువులు చెబుతున్నాయి. వచ్చిన మాటను ఇంగ్లిష్ నావికులు తమ నోటికి అలవాటైన రెండు ముక్కలుగా పలికారు, రాతలోనూ అలాగే స్థిరపడింది. కిందికి దిగే కథ ఆ స్పెల్లింగు చూసి తర్వాత అల్లుకున్నదే.

మద్దిలపాలెం:
మాస్టారూ, అంటే మలయ్ మాటన్నమాట. మరి మన గిడ్డంగి సంగతేంటి? పేపర్లో గిడ్డంగులు అని చదువుతుంటే గోడౌన్‌కి ఎవరో కూర్చుని చేసిన తెలుగు అనువాదం అనుకునేవాణ్ణి.

భీమిలి మాస్టారు:
ఈ ప్రశ్న కోసమే చూస్తున్నాను బాబూ.

1886లో హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్ అనే ఇద్దరి పేర్ల మీద ఒక పెద్ద నిఘంటువు వచ్చింది, హాబ్సన్-జాబ్సన్ అంటారు. మన దేశంలో ఉన్న ఇంగ్లిష్‌వాళ్ళ నోట నలిగిన దేశీయ మాటలన్నీ అందులో ఉంటాయి. బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసినవాడు, దక్షిణాది భాషలు క్షుణ్ణంగా తెలిసినవాడు. పుస్తకం అచ్చయ్యేనాటికి ఆయన లేడు, 1882లోనే పోయాడు. అందులో గోడౌన్ దగ్గర ఏమని ఉందో తెలుసా? మలయ్ మాట కూడా దక్షిణ భారతం నుంచే వెళ్ళి ఉండవచ్చని. తెలుగులో గిడ్డంగి, తమిళంలో కిడంగు, రెండింటికీ అర్థం సరుకు పడి ఉండే చోటు.

గిడ్డంగి ఎవరో కూర్చుని చేసిన అనువాదం కాదు. 1852 నాటి బ్రౌన్ నిఘంటువులోనే ఉంది. గోడౌన్‌ని తెలుగు చేస్తే గిడ్డంగి రాలేదు. గిడ్డంగే ఓడెక్కి వెళ్ళి గోడౌన్‌గా తిరిగొచ్చింది అనడానికి ఆధారం ఉంది.

చెన్నైలో విశాఖ:
తమిళం గురించి నేను చెబుతాను. ఇక్కడికొచ్చి స్థిరపడ్డాను, రోజూ వింటున్న మాట. 'కిడ' అంటే పడి ఉండు. వస్తువు ఎక్కడైనా పడి ఉంటే 'కిడక్కుదు' అంటారు. అందులోంచే కిడంగు. ఇప్పటికీ రేషన్ సరుకు నిలవచేసే చోటికి బోర్డు మీద కిడంగు అనే రాస్తారు. దానికే కందకం, గొయ్యి అన్న అర్థం కూడా ఉంది. కోట చుట్టూ తవ్విన అగడ్తను పాత తమిళంలో కిడంగు అనేవారు. మలయాళంలో 'కిడక్కుక' అంటే పడుకోవడం. ఒకటే కుటుంబం.

మన వైపు పడి ఉండడానికి ఇలాంటి క్రియ వాడుకలో వినపడదు. అందుకే నాకు అనుమానం, గిడ్డంగి మనకు తమిళం వైపు నుంచి వచ్చిందేమో. ఇంటి మాట పోతుందని చెప్పడం నాకూ బాధగానే ఉంది, కానీ క్రియ ఎక్కడ బతికుందో అక్కడ చూడాలి కదా.

వన్‌టౌన్ వాసి:
చూశారా, కిడంగు అంటే గొయ్యి అని మీరే అన్నారు. అంటే కిందికి దిగడం ఎక్కడో ఉన్నట్టే కదా!

చెన్నైలో విశాఖ:
అన్నయ్యా, గొయ్యి అన్న అర్థం కిడంగుకి ఉంది. అది తమిళ మాట లోపలి సంగతి. ఇంగ్లిష్ 'డౌన్'కీ దానికీ చుట్టరికం లేదు.

మద్దిలపాలెం:
నాదింకో సందేహం. గిడ్డంగిలో మొదటి అక్షరం గి. మలయ్‌లో గు. ఇకారం ఉకారం ఎలా అయింది? పైగా మలయ్‌లో గెదోంగ్ అని భవనానికి వేరే మాట ఉందని విన్నాను. అలాంటప్పుడు గుదాంగ్ వాళ్ళ సొంత మాటే ఎందుకు కాకూడదు?

భీమిలి మాస్టారు:
మంచి అడ్డుచక్రమే వేశావు. నిఘంటువులు కూడా అందుకే 'బహుశా' అన్న మాట వదల్లేదు. కొన్ని పెద్ద నిఘంటువులు మలయ్ దాకా ధైర్యంగా వచ్చి, అక్కణ్ణుంచి తెలుగు, తమిళం దగ్గరికి మాత్రం బహుశా అంటూ అడుగేస్తాయి. యూల్, బర్నెల్ కూడా ఖాయం అనలేదు. నీ అచ్చుల సందేహం న్యాయమైనదే. గెదోంగ్ ఉందన్నదీ నిజమే.

అయినా మన వైపే నేనెందుకు మొగ్గుతానంటే చెప్తాను. రేవుల మధ్య సరుకుతోపాటే సరుకు మాటలూ ప్రయాణం చేస్తాయి. మన తీరంవాళ్ళను మలయ్‌లో 'క్లింగ్' అన్నారు, కళింగం నుంచి వచ్చిన మాట. బర్మాలో తెలుగువాళ్ళను 'కోరంగీలు' అన్నారు, కాకినాడ దగ్గర కోరంగి రేవు నుంచి. 1244లో గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం చూడండి. సముద్రం మీద వచ్చే వర్తకులకు ఇకపై భయం లేదు, న్యాయమైన సుంకమే తీసుకుంటాం అని రాజు రాతి మీద మాటిచ్చాడు. అలాంటి రేవుల్లో సరుకు నిలవ చేయడానికి చోటుండాలి, ఆ చోటికి ఓ పేరుండాలి. అటునుంచి వచ్చే వర్తకుడు ఆ పేరు నేర్చుకోక ఏం చేస్తాడు? ఇది రుజువు కాదు. కానీ దారి మాత్రం ఉంది.

తమిళమా తెలుగా అన్నదాని మీద నాకు పట్టింపు లేదు. ఇద్దరిదీ అంటే మరీ సంతోషం.

జకార్తా నుంచి శ్రీకాకుళం:
నమస్తే అండి. ఉద్యోగం మీద ఇండోనేషియాలో ఉంటున్నాను. ఇక్కడ గుదాంగ్ అంటే ఇప్పటికీ గోడౌనే. 1958లో కెదిరి ఊళ్ళో మొదలైన పెద్ద సిగరెట్ కంపెనీ పేరే గుదాంగ్ గరం. గరం అంటే మనం అనుకునే గరం కాదు, ఇక్కడ ఉప్పు. ఉప్పు గోడౌన్ అన్నమాట. ప్యాకెట్టు మీద షెడ్ల బొమ్మ కూడా ఉంటుంది. వచ్చిన కొత్తలో ఒక లారీ మీద ఆ పేరు చూసి, మన గోదాము ఇక్కడిదాకా వచ్చిందేంటా అనుకున్నా.

ఇంకొన్ని పోగు చేశాను. సింహళంలో గుదమ, థాయ్‌లో కోదాంగ్, బెంగాలీలో గుదాం, హిందీలో గోదాం. హాంకాంగ్‌లో 1886లో రేవు వ్యాపారానికి పెట్టిన కంపెనీ పేరులోనే వార్ఫ్, గోడౌన్ రెండూ ఉన్నాయి. ఆఫీసు కాగితాల్లో గోడౌన్ అన్నది తప్పుడు ఇంగ్లిష్ అయితే, హాంకాంగ్‌లో ఇంగ్లిష్‌వాళ్ళే తమ కంపెనీకి ఆ పేరెలా పెట్టుకున్నారు?

మా తాతల కాలంలో సిక్కోలు, ఇజినారం వైపు నుంచి చాలామంది కూలికి రంగం, అంటే రంగూన్ వెళ్ళారు. కళింగపట్నం, భీమిలి రేవుల నుంచి స్టీమర్లు పోయేవి. అక్కడి బియ్యం మిల్లుల్లో, రేవులో పనిచేశారు. రంగంలో బర్మావాళ్ళు కూడా గోడౌన్ అనే అంటారు. మా ఇంట్లో పెద్దవాళ్ళు గొడాను, గొడాను అంటుంటే ఇంగ్లిష్ పలకడం రాక అలా అంటున్నారని మేం పిల్లలం అనుకునేవాళ్ళం. ఫెడరిచి పెగూలో విన్న గొదొన్‌కి వాళ్ళ గొడాను ఎంత దగ్గరగా ఉందో చూడండి.

గాజువాక కుర్రోడు:
అబ్బ, ఎంత కథ ఉందండీ దీనికి. మా నాన్నకి చదివి వినిపించాను. గొడాను దగ్గరికొచ్చేసరికి ఆయన లేచి కూర్చున్నారు. మేం కూడా అలాగే అనేవాళ్ళం అన్నారు. ఇంతకీ అగ్రిమెంటు సంగతి ఎవరైనా చెప్పండి, శుక్రవారం సంతకాలు.

పోర్టు రోడ్డు:
కస్టమ్స్ క్లియరెన్సు పనిలో ఉన్నాను, నాకు తెలిసింది చెబుతాను. గోడౌన్ ఇంగ్లిష్ కాదన్న మాట పక్కన పెట్టండి. మన పార్లమెంటు చేసిన చట్టంలోనే ఉంది ఆ మాట. 2017 నాటి కేంద్ర జీఎస్టీ చట్టం 2వ సెక్షన్ 85వ క్లాజులో 'వ్యాపార స్థలం' అంటే ఏమిటో చెప్పారు. వేర్‌హౌస్ గానీ, గోడౌన్ గానీ, సరుకు నిలవ చేసే మరే చోటైనా గానీ అని ఉంటుంది. రెండూ పక్కపక్కనే. 35వ సెక్షన్ రెండో సబ్‌సెక్షన్‌లో వేర్‌హౌస్ లేదా గోడౌన్ నడిపేవాళ్ళు, ట్రాన్స్‌పోర్టర్లు రిజిస్ట్రేషన్ ఉన్నా లేకపోయినా రికార్డులు ఉంచాలన్నారు. ఇది నీకు సూటిగా తగులుతుంది తమ్ముడూ, నువ్వు రెండూ అవుతావు.

కాబట్టి జీఎస్టీ వరకు ఏ మాట రాసినా ఫరవాలేదు. నీకు రిజిస్ట్రేషన్ ఉంటే ఆ షెడ్డును అదనపు వ్యాపార స్థలంగా చేర్పించుకో, అది మర్చిపోకు. ఫారంలో ఎంచుకోవాల్సినచోట వేర్‌హౌస్, డిపో అని ఉంటుంది, గోడౌన్ అని వెతుక్కోకు.

అయితే వేర్‌హౌస్ అన్న మాటకి కొన్ని చట్టాల్లో ప్రత్యేకమైన బరువుంది. అక్కడ జాగ్రత్త పడాలి.

2007లో వేర్‌హౌసింగ్ అభివృద్ధి, నియంత్రణ చట్టం వచ్చింది. అందులో వేర్‌హౌస్ అంటే ఉత్త షెడ్డు కాదు. ఒకరు సరుకు తెచ్చి అప్పగిస్తారు, వేర్‌హౌస్ నడిపేవాడు దాన్ని తన కస్టడీలోకి తీసుకుంటాడు. నియంత్రణ సంస్థ చెప్పిన ప్రమాణాలకు ఆ చోటు సరిపోవాలి. అలా తీసుకున్న సరుకుకి రసీదు ఇస్తారు. ఆ రసీదును ఒకరి నుంచి ఒకరికి చేతులు మారేలా ఇవ్వాలంటే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అలాంటి రసీదులు ఇవ్వనివాళ్ళకి ఆ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

కస్టమ్స్‌లో వేర్‌హౌస్ అంటే మరొకటి. 1962 కస్టమ్స్ చట్టం 57, 58 సెక్షన్ల కింద లైసెన్సున్న చోటు. మా నోట్లో బాండెడ్ గోడౌన్ అనే తిరుగుతుంది కానీ కాగితం మీద బాండెడ్ వేర్‌హౌస్. దిగుమతి సరుకు సుంకం కట్టకుండా అందులో పెట్టుకోవచ్చు. అలా పెట్టేటప్పుడు సుంకానికి మూడు రెట్ల మొత్తానికి బాండు రాసివ్వాలి. మామూలు సరుకైతే ఏడాది దాకా ఉంచొచ్చు, 90 రోజులు దాటితే వడ్డీ పడుతుంది. సరుకు లోపలికి వెళ్ళేటప్పుడు ఇన్‌టు బాండ్ బిల్లు, కావాల్సినంత బయటికి తీసేటప్పుడు ఎక్స్ బాండ్ బిల్లు. దానికి సుంకం కట్టి బయటికి తెచ్చుకుంటారు.

నీ షెడ్డు ఈ రెండిట్లో దేనికిందకీ రాదు. అగ్రిమెంటులో పేరు ఏదైనా రాసుకో. రాయాల్సింది వేరే ఉంది: ఎన్ని చదరపు అడుగులు, రేకులా స్లాబా, ఏ సరుకు పెట్టొచ్చు, ఏది పెట్టకూడదు, కరెంటు మీటరు ఎవరి పేరున, పైకప్పు కారితే బాగుచేయించేది ఎవరు. ఇన్సూరెన్సు పాలసీలో రాసిన చిరునామా, వాడకం దీంతో సరిపోవాలి. నిప్పంటుకునే సరుకు పెట్టి, పాలసీలో మామూలు సరుకని రాయిస్తే క్లెయిము రాదు.

గాజువాక కుర్రోడు:
చాలా థ్యాంక్స్ అన్నయ్యా. మేం మా లారీల్లో వచ్చే సరుకును రెండు మూడు రోజులు దించి ఉంచడానికే. కానీ ఒకరిద్దరు పార్టీలు నెలవారీ అద్దెకి తమ సరుకు కూడా ఉంచమంటున్నారు. అప్పుడు?

పోర్టు రోడ్డు:
అప్పుడు సంగతి మారుతుంది. వాళ్ళ సరుకు నీ దగ్గర ఉంటే, నీ మీద 1872 నాటి కాంట్రాక్టు చట్టం కింద బాధ్యత పడుతుంది. బెయిల్‌మెంట్ అంటారు. 151వ సెక్షన్ ప్రకారం మామూలు తెలివితేటలున్న మనిషి తన సొంత సరుకుని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో నువ్వు వాళ్ళ సరుకుని అంత జాగ్రత్తగా చూడాలి. సరుకు దిగినప్పుడు ఎన్ని బస్తాలు, ఏ స్థితిలో ఉన్నాయి అని రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. తడిసిన సంచి ఉంటే తడిసినట్టే రాయి. ఓనరుతో అగ్రిమెంటులో ఇతరుల సరుకు పెట్టుకునే హక్కు కూడా రాయించుకో, లేకపోతే అక్కడ పేచీ.

అనకాపల్లి బెల్లం బజార్:
షెడ్డు తీసుకునే తమ్ముడికి నా అనుభవం కూడా చెప్పాలి. పైకప్పు సంగతి పోర్టు రోడ్డుగారు ఒక్క ముక్కలో చెప్పేశారు కానీ మన వైపు అదే ముఖ్యం. సముద్రపు గాలికి రేకుల మేకులు తుప్పు పడతాయి. పై నుంచి చూస్తే రేకు బాగానే ఉంటుంది, మేకు చుట్టూ తినేసి ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా షెడ్డు మీద కొత్త రేకులు కూడా లేచిపోయాయి. కారణం గాలి ఒక్కటే కాదు, మేకులు పట్టు వదిలేశాయి. తీసుకునే ముందు నిచ్చెన వేసుకుని పైకెక్కి చూడు.

బెల్లానికి చెమ్మ పడదు. వానాకాలంలో గాలి తగిలితే దిమ్మ పైన చెమర్చి కారడం మొదలవుతుంది, రంగు నల్లబడుతుంది. అందుకే గచ్చు మీద నేరుగా పెట్టం. కింద చెక్కలు పరిచి, వాటి మీద పట్టా వేసి, గోడకి జానెడు ఎడం వదిలి పేరుస్తాం. గోడకి ఆనించిన వరస ముందు పాడవుతుంది. ఏ సరుకైనా ఈ ఎడం వదలాలి.

మాటల సంగతికొస్తే, మా బజార్లో గోడౌన్ అంటాం. సర్కారువాళ్ళ కాగితం వస్తే గిడ్డంగి అని ఉంటుంది. హైదరాబాదు నుంచి వచ్చే వ్యాపారులు గోదాము అంటారు. మూడూ ఒకే మాటని ఇప్పుడే తెలిసింది.

భీమిలి మాస్టారు:
ఈ మూడింటిని మీరు పక్కపక్కన పెట్టడం నాకు చాలా నచ్చింది. గిడ్డంగి ఇంట్లోనే ఉన్న మాట. గోదాము ఉత్తరాది బాట పట్టి హిందీ, ఉర్దూల మీదుగా వచ్చింది. గోడౌన్ ఇంగ్లిష్ దుస్తులేసుకుని ఓడ దిగింది. ప్రభుత్వం మొదటిదాన్నే ఎంచుకుంది. కేంద్ర గిడ్డంగుల సంస్థ 1957లో, మన రాష్ట్ర గిడ్డంగుల సంస్థ 1958లో పెట్టారు. పిల్లలకు చెప్పేటప్పుడు వీటిలో ఏదీ తప్పుకాదని చెప్పాలి, ఏది ఎక్కడ పలికితే నప్పుతుందో చెబితే చాలు.

మద్దిలపాలెం:
మాస్టారూ, ఇంగ్లిష్ మాటలా కనబడుతూ ఇంగ్లిష్ కానివి ఇలాంటివి ఇంకా ఉన్నాయా?

భీమిలి మాస్టారు:
దీనికి తోబుట్టువే ఒకటుంది. మనం కాంపౌండ్ వాల్ అంటాం చూడు, ఆ కాంపౌండ్. రసాయన శాస్త్రంలోని కాంపౌండ్ ఇంగ్లిష్‌లో పాత మాటే. ఇంటి చుట్టూ ఆవరణ అన్న అర్థంలో వాడేది మాత్రం మలయ్ 'కంపొంగ్' నుంచి వచ్చిందని పెద్ద నిఘంటువుల అభిప్రాయం. అక్కడ దానర్థం ఊరు, పేట. అదే తీరం, అదే వర్తకులు, అదే పద్ధతి. విన్న మాటను తమకు తెలిసిన మాటలోకి ఒదిగించుకున్నారు.

మరొకటి తలకిందులుగా ఉంటుంది, ఫ్యాక్టరీ. ఇంగ్లిష్ కంపెనీవాళ్ళు 1611లో మచిలీపట్నంలో, 1682లో మన విశాఖపట్నంలో ఫ్యాక్టరీ పెట్టారని చదివి పిల్లలు యంత్రాలూ పొగగొట్టాలూ ఊహించుకుంటారు. అప్పట్లో ఫ్యాక్టర్ అంటే కంపెనీ తరఫున కొని అమ్మే ఏజెంటు. అతను ఉండే చోటు ఫ్యాక్టరీ. ముందు ఆఫీసు, వెనక బట్టల మూటలు పేర్చిన గోడౌన్లు, చుట్టూ గోడ. ఇక్కడ నేత బట్ట కొని ఓడ వచ్చేదాకా నిలవ చేసేవారు. భీమిలిలో డచ్చివాళ్ళదీ అలాంటిదే, వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1825లో ఆ ఊరు ఇంగ్లిష్‌వాళ్ళ చేతికి వచ్చింది. వస్తువు తయారుచేసే చోటు అన్న అర్థం ఫ్యాక్టరీకి స్థిరపడ్డాక పాత అర్థం మరుగున పడింది.

కొత్తరోడ్డు:
మ్యాగజైన్ కూడా అంతేనండి, నేను చెబుతాను. అరబ్బీలో మఖ్జన్ అంటే సరుకు నిలవ చేసే చోటు. ఫ్రెంచివాళ్ళకి మగజాన్ అంటే కొట్టు. ఇంగ్లిష్‌లో తుపాకి మందు దాచే చోటు అయింది. 1731లో లండన్‌లో ఎడ్వర్డ్ కేవ్ అనే ఆయన తన పత్రికకు జెంటిల్‌మన్స్ మ్యాగజైన్ అని పేరు పెట్టాక పత్రిక అన్న అర్థం వచ్చింది, రాతలు పోగుచేసిన కొట్టు అన్నట్టు. ఫెడరిచి చెప్పిన పెగూ ఇంటి సంగతిని 1588లో ఇంగ్లిష్‌లో రాసినవాళ్ళు గొదొన్‌ని వివరించడానికి వాడింది కూడా ఈ మాటే. కొత్త మాటను చెప్పడానికి మరో దేశం నుంచి తెచ్చుకున్న మాట వాడారు.

జకార్తా నుంచి శ్రీకాకుళం:
ఇవన్నీ వర్తకుల మాటలు. రైతు ఇంట్లో ధాన్యం దాచుకునే వాటికి మనకెన్ని పేర్లో. గాదె, గరిసె, పురి, పాతర. గడ్డితో తాడు పేని చుట్టూ తిప్పుతూ ధాన్యం పోసుకుంటూ పోతే పురి. మా పెరట్లో ఉండేది. మూడు తరాలుగా ఒకే మూల వేసేవాళ్ళు, అక్కడ నేల కొంచెం ఎత్తు. నేలలో గొయ్యి తవ్వి దాచితే పాతర. వన్‌టౌన్ అన్నయ్యగారు కిందికి దిగే కొట్టు కావాలంటున్నారు కదా, అది ఇదే.

తేడా ఒక్కటి గమనించాను. గాదెలో ఉన్నది మనం తినడానికి, విత్తనానికి. గోడౌన్‌లో ఉన్నది అమ్ముడుపోవడానికి ఎదురుచూస్తూ పడి ఉన్నది. కిడ అంటే పడి ఉండడం అని చెన్నై వారు చెప్పాక ఈ తేడా నాకు బాగా పట్టింది.

వన్‌టౌన్ వాసి:
పాతర మా అమ్మమ్మగారి ఊళ్ళో చూశాను తల్లీ. పైన మట్టితో మూసి మెత్తేవారు. తీసినప్పుడు వెంటనే లోపలికి దిగనిచ్చేవారు కాదు, లోపలి గాలి మంచిది కాదని కాసేపు ఆగమనేవారు. గోడౌన్‌కి మీరంతా చెప్పిన దారి ఒప్పుకుంటున్నాను. భీమిలి, విశాఖ, మచిలీపట్నం రేవుల నుంచి వెళ్ళిన మాటని తెలిస్తే మా వన్‌టౌన్‌కీ కాస్త వాటా ఉన్నట్టే.

అనకాపల్లి బెల్లం బజార్:
పోర్టు రోడ్డుగారూ, పోయే ముందు ఒక్కటి. మీరు చెప్పిన చేతులు మారే రసీదు మీద బ్యాంకు అప్పు ఇస్తుందా? మా దగ్గర ప్రైవేటు షెడ్లలో పెడితే ఇచ్చే చీటీ పట్టుకెళ్తే ఒక బ్యాంకులో చూడను కూడా చూడలేదు.

పోర్టు రోడ్డు:
ఆ చీటీ మీ ఇద్దరి మధ్య లెక్క మాత్రమే, బ్యాంకుకి అది పనికిరాదు. 2007 చట్టం కింద రిజిస్టరైన వేర్‌హౌస్‌లో పెట్టి రసీదు తీసుకోవాలి. 2017 నుంచి ఆ రసీదులు కంప్యూటర్‌లో వస్తున్నాయి, ఈ-ఎన్‌డబ్ల్యూఆర్ అంటారు. ఆ రసీదుల లెక్క ఉంచే సంస్థలు, అంటే రిపాజిటరీలు రెండు ఉన్నాయి, వాటిలో ఖాతా తెరవాలి. అప్పు ఇచ్చే బ్యాంకు ఆ రసీదు మీద తాకట్టు గుర్తు పెట్టుకుంటుంది, అప్పు తీరేదాకా సరుకు బయటికి రాదు. అందుకే బ్యాంకుకి ధైర్యం. ముందు మీకు దగ్గర్లో రిజిస్టరైన వేర్‌హౌస్ ఉందా, అందులో మీ సరుకు తీసుకుంటారా అని అడగండి. తీసుకునే సరుకుల జాబితా రిజిస్ట్రేషన్‌లోనే ఉంటుంది. నిలవ అద్దె, ఇన్సూరెన్సు, అప్పు వడ్డీ మూడూ కలిపి, సీజను దాటాక ధర ఎంత పెరిగితే గిట్టుతుందో లెక్కేసుకున్నాకే సరుకు దించండి.